బెజవాడలో తిన్నది తిన్నట్టు రాయడం ఎలా

విజయవాడలో ఎవరినైనా ఆపి మంచి పెసరట్టు ఎక్కడ దొరుకుతుందని అడగండి. గవర్నర్‌పేట వాళ్లు ఒక హోటల్ పేరు చెబుతారు, పటమట వాళ్లు ఇంకోటి చెబుతారు, వన్‌టౌన్ వాళ్లు ఆ రెండూ కాదని మూడోది చెబుతారు. అక్కడ ఏం బాగుంటుందని అడిగితే మాత్రం "ఒకసారి తినండి, మీకే తెలుస్తుంది" అంటారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి, కాలేజీలో పిల్లల్ని చూడటానికి వచ్చిపోయే తల్లిదండ్రులకి, నెలకి ఒక్కసారి ఇంటిల్లిపాదినీ బయటికి తీసుకెళ్లేవాళ్లకి ఆ జవాబు సరిపోదు. మీ రివ్యూ చదివి వాళ్లు ఆటో ఎక్కుతారు, డబ్బు పెడతారు. అందుకే తిన్నది తిన్నట్టు, చదివినవాళ్ల నాలుకకి అందేలా రాయాలి. ఈ ఊళ్లోనూ గుంటూరులోనూ తిని రాస్తూ నేను నేర్చుకున్న పద్ధతి మీకు చెబుతాను.

ముందు ఒక్క వంటకం ఎంచుకోండి

మెనూ మొత్తం మీద రివ్యూ రాయాలనుకుంటే చివరికి దేని గురించీ రాయలేరు. ఆ హోటల్‌కి ఏది పేరో అది ఒకటి, మీకు బాగా తెలిసిన వంటకం ఇంకొకటి తీసుకోండి, చాలు. ఏది పేరో తెలియకపోతే సర్వర్‌నే అడగండి: "అన్నా, ఇక్కడ ఎక్కువగా ఏం పోతుంది?" ఈ ప్రశ్నకి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ నిజమే ఉంటుంది. "ఏం బాగుంటుంది?" అని అడిగితే "అన్నీ బాగుంటాయి సార్" అంటారు.

ఏ వేళకి వెళ్లాలో కూడా ముందే చూసుకోండి. టిఫిన్ అయితే పొద్దున ఏడు, ఎనిమిది మధ్య. పునుగులు, బజ్జీలు సాయంత్రం మూకుడు పెట్టిన అరగంటకి. బిర్యానీ అయితే మధ్యాహ్నం మొదటి హండీ తెరిచే వేళకి. రాత్రి పదింటికి మిగిలిన బిర్యానీ తిని రాసింది ఆ వంటవాడి పనితనం మీద రివ్యూ కాదు. అయినా రాయదలుచుకుంటే, ఎన్నింటికి తిన్నారో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి.

జలుబు చేసి ఉంటే ఆ రోజు వెళ్లకండి. రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. ముక్కు పని చేయని రోజు ఉలవచారు కూడా ఉప్పు నీళ్లలాగే ఉంటుంది.

బిల్లు మీరే కట్టండి. ఓనర్ పిలిచి పెట్టినా, డిస్కౌంట్ ఇచ్చినా ఆ సంగతి పైనే రాయాలి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు. ఉచితంగా తీసుకున్నవాటి గురించి ఇన్‌ఫ్లుయెన్సర్లు స్పష్టంగా చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నా మటుకు నేను ఉచితంగా తిన్నదాని గురించి రాయను. ఒకరి ఉప్పు తిన్నాక వాళ్ల సాంబార్‌లో ఉప్పు తగ్గిందని రాయడానికి చెయ్యి రాదు.

ప్లేటు ముందుకు రాగానే

మొదటి ముద్ద చట్నీ లేకుండా తినండి. ఇడ్లీ అయినా, అట్టు అయినా, గారె అయినా ఇదే పద్ధతి. మన దగ్గర చట్నీలు ఎంత బలంగా ఉంటాయంటే, వాటి కింద ఎంత పేలవమైన టిఫిన్ అయినా దాక్కుంటుంది.

ఇడ్లీని వేలితో విరిచి చూడండి. రవ్వ పలుకు తెలుస్తోందా, పిండి ముద్దలా అతుక్కుంటోందా, సాంబార్‌లో వేసిన నిమిషానికి విడిపోతోందా? పులుపు ఉందా, ఉంటే కమ్మగా ఉందా, పిండి నిలవైనప్పుడు వచ్చే పులుపా? గాంధీనగర్ బాబాయ్ హోటల్ పేరు చెప్పగానే ఇడ్లీ మీద వెన్నే గుర్తొస్తుంది. అలాంటిదాన్ని అక్కడే కూర్చుని, వెన్న సగం కరిగి సగం ముద్దగా ఉన్నప్పుడు తిని రాయాలి. పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో విప్పితే వెన్నంతా ఇడ్లీలోకి ఇంకిపోయి అది వేరే పదార్థం అయిపోతుంది. పార్సిల్ మీద రివ్యూ రాయొచ్చు, కానీ పార్సిల్ అని రాయండి.

పెసరట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఊరి హోటల్‌ని కొలవడానికి ఇంతకంటే మంచి వంటకం లేదు. పెసలు నానబెట్టి రుబ్బి, పులియబెట్టకుండా వేసే అట్టు ఇది. పులుపు సాయం ఉండదు కాబట్టి పెసల రుచి, అల్లం, పచ్చిమిర్చి, పెనం వేడి, ఇవే దాన్ని నిలబెట్టాలి. అంచు కరకరలాడాలి, మధ్యలో కొంచెం మెత్తదనం మిగలాలి. మధ్యలో ముక్క తుంచి వాసన చూడండి. పచ్చివాసన వస్తే పెనం చాలినంత కాలలేదు, లేదా అట్టు మందంగా వేశారు. లోపల ఉప్మా ఉంటే అది జారుగా ఉండాలి, గట్టిపడిన ఉప్మా అట్టుని పొడిగా చేసేస్తుంది. ఇక అల్లం చట్నీ: అల్లం ఘాటు, చింతపండు పులుపు, బెల్లం తీపి మూడూ తెలియాలి. కొన్నిచోట్ల బెల్లం ముందుకొచ్చి అది పానకంలా ఉంటుంది. కొన్నిచోట్ల బకెట్ అడుగంటేకొద్దీ నీళ్లు కలుపుతారు. ఎనిమిదింటికి తిన్న చట్నీ, పదకొండింటికి తిన్న చట్నీ ఒకటేనా అని ఒక్కసారి పోల్చి చూస్తే ఆ హోటల్ గురించి చాలా తెలుస్తుంది.

పునుగుల దగ్గర బండి పక్కనే నిలబడి తినండి. వాయి దిగిన రెండు నిమిషాల్లో పైన గుల్లగా, లోపల దూదిలా ఉండాలి. ఒకదాన్ని కాగితం మీద పెట్టి నొక్కితే ఎంత నూనె పీల్చిందో కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు: "మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ వాడుతున్నారు" అని రాసేస్తారు. అది మీరు చూడలేదు. మీరు చూసింది నూనె నల్లగా ఉండటం, మీకు తెలిసింది తిన్నాక గొంతులో గరగర. ఆ రెండే రాయండి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగేకొద్దీ పెరిగే పదార్థాలు) 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా నిబంధన ఉంది, దాన్ని కొలవడానికి పరికరం కావాలి, మన నాలుక చాలదు. చూసినదానికీ ఊహించినదానికీ మధ్య ఈ గీత గీసుకుంటే మీ రివ్యూని ఎవరూ కొట్టిపారేయలేరు.

కారం గురించి రాసేటప్పుడు

"చాలా కారంగా ఉంది" అన్న వాక్యం గుంటూరులో ఎవరికీ పనికిరాదు. ముందు మీ కొలత చెప్పండి. రోజూ ఆవకాయ అన్నం తినేవాళ్లా, పచ్చిమిర్చి కొరికితే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లా? అది తెలిస్తేనే చదివేవాళ్లు మీ మాటని తమ నాలుకకి సరిచూసుకుంటారు.

తర్వాత ఏ కారమో చెప్పండి. ఎండుమిర్చి కారం, పచ్చిమిర్చి కారం, మిరియం ఘాటు, అల్లం మంట ఒకటి కాదు. మిర్చిలోనూ తేడాలున్నాయి. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న గుంటూరు సన్నం ఒక రకం, దానికంటే మంట ఎక్కువగా ఉండే తేజ ఇంకో రకం. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి మిర్చి రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. కాబట్టి ఎర్రటి కూర కనిపించగానే కారం అని రాయకండి. తిని, మంట ఎక్కడ తగిలిందో గమనించండి: నాలుక కొస మీదా, గొంతులోనా, ముద్ద మింగాక మెల్లగా పైకొచ్చి చెవులు వేడెక్కిస్తోందా? కారం వెనక కూర రుచి వినిపిస్తోందా, మంట ఒక్కటే మిగిలిందా?

ఒక కూర నుంచి ఇంకో కూరకి వెళ్లేముందు నీళ్లు తాగితే లాభం లేదు. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పాలు, పెరుగు దాన్ని లాగేస్తాయి. రెండు ముద్దలు పెరుగన్నం తిని, రెండు నిమిషాలు ఆగి అప్పుడు తర్వాతి గిన్నె ముట్టండి.

గోంగూర మాంసం లాంటివాటికి పులుపే అసలు పరీక్ష. ఎర్ర కాడ గోంగూర తెల్ల కాడ దానికంటే పులుపు. పులుపు ముక్క లోపలికి దిగిందా, పైన పూతలా ఉందా చూడండి. ముక్కని ఎముక దగ్గర విరిస్తే తెలిసిపోతుంది.

బిర్యానీని దాని కొలతతోనే కొలవండి

మన దగ్గర ఎక్కువ అన్యాయం జరిగేది బిర్యానీకే. హైదరాబాద్ దమ్ బిర్యానీకి అలవాటుపడ్డవాళ్లు బెజవాడలో ఫ్రై పీస్ బిర్యానీ తిని "ముక్క మసాలా రైస్‌కి పట్టలేదు" అని రాస్తారు. ఫ్రై పీస్‌లో ముక్కలు విడిగా వేయించి రైస్ మీద వేస్తారు, వండే తీరే అది. అక్కడ చూడాల్సింది ముక్క పైన వేపుడు మసాలా కరివేపాకుతో కలిసి పట్టిందా, లోపల తడి మిగిలిందా, రైస్ తనంతట తాను రుచిగా ఉందా అని. దమ్ బిర్యానీ అయితే ప్లేటులో పైన ఉన్న అన్నం, అడుగున ఉన్న అన్నం విడివిడిగా తినాలి. చిట్టిముత్యాలతో చేసిన పులావ్‌ని బాస్మతి పొడవుతో పోల్చకూడదు, ఆ బియ్యం గుణమే వేరు.

ఎన్ని ముక్కలు వచ్చాయి, ఎంతమందికి సరిపోయింది, షేర్వా రెండోసారి అడిగితే పోశారా. ఇవి చిన్న విషయాలు కావు, ఇంటి నుంచి నలుగురితో బయల్దేరేవాళ్లు ముందు వెతికేది ఇవే.

తీపి

మిఠాయి కొట్టులో అడుగుపెట్టగానే ట్రేల దగ్గర బోర్డులు చూడండి. విడిగా అమ్మే మిఠాయిలకి ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ పెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన ఉంది. పెట్టారా లేదా అన్నది మీ రివ్యూలో ఒక వాక్యం.

బందరు లడ్డు తింటున్నారంటే దాని ఇంకో పేరు గుర్తుపెట్టుకోండి, తొక్కుడు లడ్డు. శనగపిండిని పూసగా వత్తి వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంతో మళ్లీ దంచి చేసేది. అంత శ్రమా ఎందుకంటే నోట్లో పలుకు తగలకుండా మెత్తగా విచ్చుకోవాలని. పలుకు తగిలితే జల్లింపు సరిగా లేదు. పూతరేకు అయితే నాలుక మీద పెట్టగానే కరగాలి. కాగితంలా నమలాల్సి వస్తే గాలి తగిలి మెత్తబడింది, లేదా రేకులు మందంగా తీశారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి బెజవాడలో అమ్మేవాళ్లని "అక్కడి నుంచి తెస్తారా, ఇక్కడ చుడతారా?" అని అడగండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. జున్ను అయితే జున్నుపాలతో చేసిందా, మామూలు పాలు గట్టిపరిచి చేసిందా అడగాలి. రెండోది తప్పని కాదు, రెండింటికీ ఒకే ధర పెడితే మాత్రం అది చెప్పాలి. నెయ్యి మిఠాయి అని అమ్మినదాన్ని తిన్నాక అంగిలికి మైనంలా జిడ్డు పొర మిగిలితే ఆ పొర గురించి రాయండి, "డాల్డా కలిపారు" అని మాత్రం తీర్పు ఇవ్వకండి.

కేఫ్‌లలో డెజర్ట్‌కి ఎదురయ్యే పెద్ద చిక్కు మన ఎండ. మే నెలలో బెజవాడ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ ఎలా ఉన్నా, ఫ్రిజ్‌లోంచి తీసిన చీజ్‌కేక్ టేబుల్ మీద పది నిమిషాలు ఉంటే వేరే అయిపోతుంది. కాబట్టి ఫోటో కోసం డెజర్ట్‌ని పాడుచేయకండి. వేడి బ్రౌనీ మీద ఐస్‌క్రీమ్ వేసి తెచ్చారంటే ఆ వేడి, ఆ చల్లదనం రెండూ ఒకే స్పూన్‌లో పట్టుకోవడం కోసమే మీరు డబ్బు ఇచ్చింది.

చల్లదనం తీపిని దాచేస్తుంది. ఐస్‌క్రీమ్ ఒక స్పూన్ పక్కన పెట్టి, కరిగాక తినండి. అప్పుడు ఎంత చక్కెర వేశారో, వెనీలా ఎసెన్స్ వాసన ఎంత ఘాటుగా ఉందో బయటపడుతుంది. బోర్డు మీద ఐస్‌క్రీమ్ అని రాసి డబ్బా మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే ఆ రెండూ వేరని చదివేవాళ్లకి చెప్పండి. ఐస్‌క్రీమ్‌లో కొవ్వు పాలదే ఉండాలి, ఫ్రోజెన్ డెజర్ట్‌లో మొక్కల నుంచి తీసిన నూనెలు వాడతారు. తిరమిసులో కాఫీ చేదు తెలుస్తోందా, చీజ్‌కేక్‌లో చీజ్ పులుపు ఉందా, అడుగున బిస్కెట్ పొర తడిసి నానిపోయిందా, ఇవే ముఖ్యం. "చాలా తియ్యగా ఉంది" కంటే "మూడో స్పూన్ తర్వాత నీళ్లు కావాలనిపించింది" అన్నది బాగా అందుతుంది. ఇక్కడే చేస్తారా, బయట బేకరీ నుంచి తెప్పిస్తారా అన్నది కూడా అడగండి. రెండు కేఫ్‌లలో అచ్చు ఒకే రెడ్ వెల్వెట్ కేక్ తగిలితే కారణం అదే కావచ్చు.

రాసుకోవడం, ఫోటోలు

తిన్న పది నిమిషాల్లోపు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా అయినా రాసుకోండి. ఇంటికెళ్లాక రాద్దామంటే బాగుందీ బాగోలేదూ అన్నదే మిగులుతుంది. బిల్లు ఫోటో తీసుకోండి. తేదీ, ధర, జీఎస్టీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ అన్నీ అందులోనే ఉంటాయి. బిల్లులో సర్వీస్ చార్జి మీ ఇష్టంతో సంబంధం లేకుండా కలిపితే తీసేయమని అడగొచ్చు. అలా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. తీసేశారా, వాదించారా అన్నదీ రాయదగ్గ విషయమే.

ఫోటో కిటికీ వెలుతురులో తీయండి. పక్క టేబుల్ వాళ్ల ముఖాలు పడకూడదు. వంటింటి ఫోటో కావాలంటే అడిగి తీయండి.

మాటలు

సూపర్, అదిరింది, నోరూరిస్తోంది, వేరే లెవెల్. ఈ నాలుగూ కొన్నాళ్లు పక్కన పెట్టి చూడండి. తిండి గురించి తెలుగులో ఉన్నన్ని మాటలు మన చేతిలో ఉండగా వాటితో పనేముంది? కరకర వేరు, గుల్ల వేరు. జంతిక కరకరలాడుతుంది, గారె గుల్లగా ఉంటుంది. మెత్తన, జారు, జిగట, బిరుసు, పలుకు, ముద్ద. కమ్మదనం, వగరు, కనరు, చప్పదనం, ఘాటు. పచ్చివాసన, మాడు వాసన, ముక్కిన వాసన. మా అమ్మమ్మ కూర మూత తీయకుండానే "పోపు మాడింది" అనేది. ఆ ఒక్క మాటలో లోపం ఉంది, అది ఎప్పుడు జరిగిందో కూడా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు వంట గురించి మాట్లాడుతుంటే శ్రద్ధగా వినండి, రాయడానికి కావలసిన భాష అక్కడ ఉంది.

ఉదాహరణకి, "గుత్తి వంకాయ అదిరింది" అని రాసే బదులు ఇలా రాయొచ్చు: "వంకాయ తొడిమ దాకా ఉడికింది కానీ విడిపోలేదు. లోపల కారం పొడి పొడిగానే ఉంది, పల్లీ కంటే నువ్వు రుచి ముందుకొచ్చింది. నూనె ఎక్కువ, రెండో కాయ తినలేకపోయాను." ఇది చదివితే నూనె ఇష్టపడేవాళ్లు వెళ్తారు, పడనివాళ్లు మానేస్తారు. ఇద్దరికీ మేలే.

బాగోలేదని రాయాల్సి వస్తే

ముందు అక్కడే చెప్పండి. "అన్నా, సాంబార్ చల్లారిపోయింది, వేడిది ఇస్తారా?" అంటే చాలాచోట్ల వెంటనే మారుస్తారు. మార్చారన్న సంగతి కూడా రివ్యూలో భాగమే.

తర్వాత ఇంకోసారి వెళ్లండి, వేరే రోజు, వేరే వేళకి. చాలా ఏళ్ల క్రితం గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న టిఫిన్ సెంటర్ గురించి నేను ఒక్క సాయంత్రం తిని, అట్లు రబ్బరులా ఉన్నాయని, చట్నీ చప్పగా ఉందని రాశాను. నెల తర్వాత ఒక స్నేహితుడు బలవంతంగా పొద్దున పూట తీసుకెళ్లాడు. పెనం దగ్గర ఉన్న పెద్దావిడ వేసిన అట్టు నేను ఈ జిల్లాలో తిన్న మంచి అట్లలో ఒకటి. నేను వెళ్లిన ఆ సాయంత్రం ఆవిడ ఆసుపత్రిలో ఉంది, పెనం దగ్గర వాళ్ల అబ్బాయి నిలబడ్డాడు. నేను రాసింది అబద్ధం కాదు, కానీ ఆ రివ్యూ చదివి ఎంతమంది అటు వెళ్లడం మానేశారో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రెండోసారి తినకుండా బాగోలేదని రాయకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ముఖ్యంగా ఒక్క మనిషి నడిపే బండి విషయంలో. పెద్ద రెస్టారెంట్ ఒక చెడ్డ రివ్యూని తట్టుకుంటుంది, బండికి అంత ఓపిక ఉండదు.

తిన్నాక కడుపు పాడైతే "వీళ్ల బిర్యానీ వల్లే ఫుడ్ పాయిజన్ అయింది" అని వెంటనే రాసేయకండి. కొన్ని క్రిములు గంటల్లో పని చేస్తాయి, కొన్నింటికి రెండు మూడు రోజులు పడుతుంది. కారణం నిన్నటి భోజనం కావచ్చు, మొన్నటిది కావచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అనుమానం గట్టిగా ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయండి, వాళ్లు శాంపిల్ తీసి పరీక్షించగలరు. బొద్దింక కనిపించడం, ఈగలు ముసిరి ఉండటం లాంటివి మాత్రం కళ్లారా చూసినవి కాబట్టి తేదీ, వేళతో సహా నిస్సంకోచంగా రాయండి.

చివరి రూపం

మొదటి వాక్యంలోనే వంటకం, హోటల్, పేట, తిన్న రోజు, ధర వచ్చేయాలి. తర్వాత రుచి. పార్కింగ్, కూర్చునే చోటు, ఎంతసేపు ఆగాలి అన్నవి రెండు మూడు వాక్యాల్లో ముగించండి. బీసెంట్ రోడ్డులో పండగ వారం కారు పెట్టే చోటు దొరకదని చెప్పడం కూడా సాయమే. నక్షత్రాలు ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, కానీ పక్కనే ఎవరికి నచ్చుతుందో రాయండి: పిల్లలతో వెళ్లేవాళ్లకా, కారం తట్టుకునేవాళ్లకా, షుగర్ ఉన్న పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకా.

ఒకసారి పైకి చదువుకోండి. ఓనర్ ఎదురుగా కూర్చుని వింటున్నా ఏ వాక్యమూ మార్చక్కర్లేదు అనిపిస్తేనే బయట పెట్టండి. ఆరు నెలలకి ఒకసారి మళ్లీ వెళ్లి తినండి. వంటమాస్టర్ మారతాడు, ధర పెరుగుతుంది, ప్లేటుకి నాలుగు ఇడ్లీలు మూడవుతాయి. పాత రివ్యూ చెరిపేయకుండా దాని కిందే కొత్త తేదీ వేసి, ఏం మారిందో రాయండి.